మన పోరగాళ్లను కేసులకు వదిలేద్దామా?



రాత్రి పదిన్నర దాటినంక మీ ఫోన్‌కు ఒక మెసేజ్ వస్తది. "మనోణ్ణి కొట్టిన్రు. అందరూ జల్దీ రండి." ఎవరు కొట్టిన్రు, ఎందుకు కొట్టిన్రు, దెబ్బ ఎంత తగిలింది, అందులో ఏమీ ఉండదు. ఒక్కోసారి కింద ఒక ఆడియో ఉంటది, అరుపులే తప్ప మాట అర్థం కాదు. మీరు ఏజెన్సీలో పుట్టిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వాళ్లయితే ఇలాంటిది ఒక్కటన్నా చూసే ఉంటారు. అప్పుడు మీరేం చేసిన్రో మీకే తెలుసు. నేనేం చేసిన్నో ముందు చెప్త.

రెండేళ్ల కింద, ఎండకాలం. మాది ఉట్నూర్ ఏజెన్సీలో ఒక గోండు గూడెం. మా చుట్టాల పిలగాని పెళ్లి, పిల్లది ఏడు కిలోమీటర్ల దూరంలో ఇంకో గూడెం. రాత్రి డీజే దగ్గర ఏ పాట పెట్టాలన్న దానిమీద లొల్లి అయ్యింది. మా ఊరి పోరణ్ణి ఒకణ్ణి పిల్లదాని ఊరోడు చెంప మీద కొట్టిండు. ఒక్కటే దెబ్బ. నేను అప్పటికే తిని ఇంటికొచ్చి మంచం ఎక్కిన. నా దాకా వచ్చేసరికి ఆ చెంపదెబ్బ "తల పగిలింది, దవాఖానకు తీస్కపోతున్నరు" అయ్యింది. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. మూడు గ్రూపుల్లో పంపిన. డిగ్రీ చదివినోణ్ణి, సంఘంలో తిరిగేటోణ్ణి, మైకు పట్టుకుంటే యువత బాధ్యత గురించి ఇరవై నిమిషాలు మాట్లాడేటోణ్ణి. పంపి పడుకున్న.

ఆ మెసేజ్ చూసి మా మేనమామ కొడుకు బండి తీసిండు. వరసకు నాకు బావ, నాకంటే ఆర్నెల్లు పెద్ద. వాని వెంట ఇంకో నలుగురు. ఆ రాత్రి పిల్లదాని ఊరి పిలగాడు ఒకనికి చెయ్యి విరిగింది. పొద్దుగాల ఐదుగురి మీద కేసు. అందులో ఇద్దరికి పద్దెనిమిది నిండలేదు. మెసేజ్ పంపిన నా పేరు ఏ కాగితంలోనూ లేదు.

మా బావ అప్పుడు కానిస్టేబుల్ కొలువు కోసం రోజూ తెల్లారి నాలుగింటికి లేచి రోడ్డు మీద ఉరుకుతుండే. ఆ మర్నాటి నుంచి ఉరకలేదు. కోర్టుకు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతది, జీపు కిరాయి, దారిలో తిండి, వకీలు ఖర్చు. పత్తి అమ్మిన పైసలు విత్తనాల అప్పుకు, పేషీలకు సరిపోయినయి. ఆ ఏడు దీపావళికి ఆ ఊరి దండారి మా ఊరికి రాలేదు, మా దండారి ఆ ఊరికి పోలేదు. కొత్తగా పెళ్లై వచ్చిన ఆ పిల్ల పండగకు తల్లిగారింటికి పోవుడు కూడా ఆగింది. ఆమె ఎవరినీ కొట్టలేదు, ఎవరికీ మెసేజ్ పంపలేదు.

ఈ మాట రాస్తే కొందరు నొచ్చుకుంటరని తెలుసు. "మన పోరగాళ్ల తప్పులే కనిపిస్తయా, మన మీద జరిగే అన్యాయం కనిపించదా" అంటరు. కనిపిస్తది. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న జరిగిన కాల్పులు మా ఇండ్లల్ల ఇప్పటికీ నిన్న మొన్న జరిగినట్టే చెప్పుకుంటరు. భూమి పోయింది, అడవిలోకి పోతే కేసు, పట్టా అడిగితే తిప్పుడు. 2000లో జీవో నెంబర్ 3 వచ్చి ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటే మా అన్నలు, అక్కలు పంతుళ్లయిన్రు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ కొలువుల మీద ఆశతోటి డీఎడ్, బీఎడ్ చేసినోళ్లు ఇప్పుడు పత్తి ఏరుతున్నరు. కోపం రాకపోతేనే ఆశ్చర్యం.

కానీ ఆ కోపం ఎవరి మీద పడుతుందో ఒక్కసారి లెక్క చూడండి. జీవో పోయినందుకు మన పోరడు ఎవర్ని కొట్టిండు? పక్క గూడెంలోని బామ్మర్దిని. ఇంట్లో చెల్లెను. తాగి వచ్చి అమ్మను.

2024 జైనూర్ కూడా యాది చేసుకుందాం, ఎందుకంటే దాని గురించి మనలో మనం మాట్లాడుకోవడం తక్కువ. ఒక ఆదివాసీ తల్లి మీద ఘోరమైన దాడి జరిగింది. మన కోపం నూటికి నూరు పాళ్లు న్యాయమైనది. సెప్టెంబర్ 4న నిరసన బయల్దేరింది. సాయంత్రానికి వార్త ఆ తల్లి గురించి కాదు, కాలిన దుకాణాల గురించి. ఇంటర్నెట్ బంద్, ఆంక్షలు, కేసులు. ఆమెకు న్యాయం ఎక్కడిదాకా వచ్చిందని రోజూ అడగాల్సిన నోళ్లు, ఎవరిని ఎత్తుకపోయిన్రు, బెయిల్ ఎప్పుడని అడగాల్సి వచ్చింది. దుకాణం కాలినోళ్లల్ల ఆ నేరంతో సంబంధమే లేని చిన్న బతుకులోళ్లు ఉన్నరు. ఇది చెప్పితే ద్రోహం అనుకునేటోళ్లు అనుకోనీ.

"భీం కూడా కొట్టలేదా?" అని మా గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు. అడగాల్సిన ప్రశ్నే. మన పెద్దలు చెప్పే కథ మొత్తం వినాలె తమ్మీ. పంట కోసం వచ్చినోణ్ణి కోపంలో కొట్టినంక కొమురం భీం ఊరిడిచి పోవాల్సి వచ్చింది, అస్సాం తేయాకు తోటల్ల కూలి చేసిండు. చదువు, రాత నేర్చుకున్నది ఆ పోయిన కాలంలోనే. తిరిగొచ్చినంక పన్నెండు గూడేలను ఒక్కటి చేసిండు. 1940లో జోడేఘాట్‌లో నిలబడ్డది ఆ పన్నెండు గూడేల భీం. ఒక్కడే కోపంలో కట్టె ఎత్తిన భీంను మాత్రం స్టేటస్‌లో పెట్టుకొని, పన్నెండు గూడేలు తిరిగి కూర్చోబెట్టిన భీంను వదిలేస్తున్నం.

ఇప్పుడు అసలు సంగతికి వస్త. ఆ రాత్రి బండి తీసిన ఐదుగురిని పట్టి ఆపేటోళ్లు ఎవరూ ఎందుకు లేరు? నేను ఈ రెండేళ్లు ఎక్కువ ఆలోచించింది దీని గురించే.

ఆ ఐదుగురిలో నలుగురు చిన్నప్పటి నుంచి ఆశ్రమ పాఠశాలల్లో పెరిగినోళ్లు. ఆరేళ్లకు పెట్టె సర్దుకొని పోతే, పదో తరగతి, ఇంటర్ అయినంక ఊరికి వస్తరు. మధ్యలో దసరా, సంక్రాంతి, ఎండకాలం సెలవులు. హాస్టల్ చదువు వద్దని అంటలేను, నేనూ అక్కడే చదివిన, అది లేకపోతే ఇది రాసేటోణ్ణి కాదు. కానీ హాస్టల్లో పిల్లగాడు నేర్చుకునే మొదటి పాఠం ఏందంటే, మనోడు అంటే మన రూములో ఉన్నోడు. ఎవడన్నా అంటే పదిమందిమి పోవాలె. వార్డెన్‌కు చెప్పినోడు పిరికోడు. అమ్మ ఒళ్లో పడుకొని "ఈ రోజు నన్ను కొట్టిన్రే" అని చెప్పుకునే వయసంతా అక్కడ గడిచిపోతది. ఊరికి వచ్చినంక మేనమామ ఎవరు, ఏ ఊరు మనకు ఏ సగా, ఎవరికి పిల్లనిస్తం, ఎవరు అన్నదమ్ములైతరు, ఇవేవీ వానికి నోటికి రావు. పెళ్లిలో తాను కొట్టబోయేది వరసకు బావనని ఆ పోరనికి తెలియదు. తెలిసి ఉంటే అక్కడ చెంపదెబ్బ కాదు, ఎగతాళి నడిచేది. బావ బామ్మర్దుల మధ్య ఎంత పెద్ద మాటైనా నవ్వులో కలిసిపోతది కదా.

ఇంట్లో చూస్తే నాయినతోటి మాట ఉండదు. మన నాయినలు చెడ్డోళ్లని కాదు, వాళ్లకు కొడుకుతోటి రెండే మాటలు వచ్చు: "తిన్నవా", "ఎటు పోయినవ్". మూడోది చెయ్యి. అమ్మ దెబ్బలు తినుడు చూసి పెరిగినోనికి, చెయ్యి ఎత్తుడు అనేది కోపం చెప్పుకునే భాష అయితది. దీని గురించి మనం సభల్లో మాట్లాడం. జల్, జంగల్, జమీన్ అంటం గానీ, ఇంట్ల నాలుగు గోడల మధ్య ఏమైతుందో అది మన ఎజెండాలో ఉండదు. చెల్లెళ్లారా, ఈ విషయంలో మీరు మాట్లాడితే మేము మధ్యలో అడ్డం రాకుండా ఉండుడు నేర్చుకోవాలె.

తాగుడు గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. దేవునికి పెట్టే ఇప్పసారా వేరు, బెల్టు షాపులో అప్పుకు దొరికే సీసా వేరు. పదిహేనేళ్ల పిలగానికి అప్పు ఇచ్చే బెల్టు షాపు మీద పంచాయితీ పెట్టం, తాగి పడ్డ పిలగాని మీద పెడతం.

మన పంచాయితీల సంగతి కూడా నిజం చెప్పుకుందాం. పటేల్, దేవారి, మహాజన్, పైన రాయ్ సెంటర్, ఇంత చక్కటి ఏర్పాటు మనకు ఉంది. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) మన ఆచారం ప్రకారం తగాదాలు తెంపుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని ఒప్పుకుంది. మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, అదుపు చేసే అధికారం కూడా అదే చట్టం ఇచ్చింది. ఇంత ఉండి మనం చేస్తున్నదేంది? గొడవ అయినంక కూర్చుంటం. జుర్మానా వేస్తం. ఆ జుర్మానాలో సగం ఆ రాత్రే మేక, సీసా అయితది. తాగి కొట్టినందుకు వేసిన దండుగతో మళ్లీ తాగుతం! కొట్టినోడు పైసలు కట్టి లేచిపోతడు, దెబ్బ తిన్నోని ముఖం కూడా చూడడు. ఇంకొకటి: ఆడపిల్ల మీద, చిన్నపిల్లల మీద జరిగిన నేరాన్ని పటేల్ ఇంటి ముందు మేకతో తెంపే హక్కు ఎవరికీ లేదు. అది ఆచారం కాదు. అవి ఠాణాకే పోవాలె, పోయేదాకా మనం ఆమె వెంట ఉండాలె.

నేను చెప్పేది మిగతా వాటి గురించి. డీజే లొల్లి, క్రికెట్ లొల్లి, బండి తగిలిన లొల్లి, ఎవరి పిల్లను ఎవరు చూసిండన్న లొల్లి. మన పోరగాళ్ల బతుకులు ఎక్కువగా పాడయ్యేది వీటితోనే.

న్యూజిలాండ్‌లో మావోరీ ప్రజలు ఉన్నరు, అక్కడి మూలవాసులు. మా పిల్లల్ని మా కుటుంబం నుంచి గుంజుకపోయి గోడల మధ్య పెట్టి బాగు చేస్తమంటే కాదని వాళ్లు గట్టిగా కొట్లాడిన్రు. 1989లో అక్కడ ఒక చట్టం వచ్చింది. పిలగాడు తప్పు చేస్తే, చాలా కేసుల్ల అమ్మా నాయినలతో పాటు అత్తా మామలు, తాతలు, దెబ్బ తిన్నోళ్లు, పోలీసాయన ఒక్కచోట కూర్చుంటరు. ఏం చేస్తే నష్టం పూడుతుందో ఆ కూర్చున్నోళ్లు తేలుస్తరు. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన మామలు, అత్తలు, అన్నదమ్ములు అందరూ ఇదే ఊళ్లో ఉన్నరు, కూర్చోబెట్టేటోడు లేడు.

దండారి మీకు తెలుసు. దీపావళి ముందూ వెనకా రోజుల్ల ఒక ఊరి యువకులు ఇంకో ఊరికి అతిథులుగా పోతరు. ఎక్కువగా పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్లకే పోతరు. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ ఆ రోజులన్నీ స్నానం చెయ్యడు, నేల మీద పడుకుంటడు, నియమం తప్పడు. పెప్రె, డోల్ మోగుతుంటే రాత్రంతా ఆడుతరు, తెల్లారి ఆ ఊరోళ్లు సాగనంపుతరు. మార్లవాయి కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనందరం స్టేటస్‌లు పెట్టుకున్నం. ఆయన జీవితమంతా చేసిన పని ఏంది? పోరగాళ్లను వరుసలో నిలబెట్టి, అడుగు అడుగుకు కలిపి ఆడించుడు. అంత బలం, అంత ఉరుకులాట, అన్ని కట్టెలు చేతుల్లో ఉంటయి, ఒక్క దెబ్బ ఎవరికీ తగలదు. పోరగాళ్ల దుడుకును ఎక్కడ పెట్టాలో మన ముత్తాతలకు తెలుసు. మనం దాన్ని స్టేజీ ప్రోగ్రాం చేసి, మంత్రి వచ్చినప్పుడు ఆడించి పంపుతున్నం.

మా ఊళ్లో మేము ఏం చేసినమో చెప్త. గొప్ప అని కాదు, సగం పని చేసింది, సగం చెయ్యలేదు.

ముందు మెసేజ్ సంగతి. మా గ్రూపుల్లో ఒక ఒప్పందం పెట్టుకున్నం. "రండి" అని ఎవరూ రాయొద్దు. గొడవ తెలిస్తే మొదట గొడవ జరిగిన ఊళ్లో మన చుట్టానికి ఒకరికి ఫోన్ చెయ్యాలె. ఆ ఊళ్లో మనకు చుట్టం లేని ఊరు అంటూ ఉండదు. నిజమేందో తెలుసుకొని పెద్దోళ్లు ఇద్దరు పోతరు, పోరగాళ్లు ఊళ్లోనే ఉంటరు. ఇరవై నిమిషాలు ఆగితే చాలు, నిజంగా. ఆ ఇరవై నిమిషాల్లో సగం మెసేజ్‌లు అబద్ధమని తేలిపోయినయి.

తర్వాత పెళ్లి. రాత్రి పది దాటితే మైకు పెట్టొద్దని చట్టమే చెప్తది, ఆ మాట ముందే డీజే ఆయనకు చెప్తున్నం. డీజే దగ్గర రెండు ఊళ్ల నుంచి ఇద్దరిద్దరు కూర్చుంటరు, తాగకుండా. ఆ నలుగురిని ఊరికే ఎంచం, ఒకరికొకరు బావ బామ్మర్ది అయ్యేటట్టు చూసుకుంటం. ఎందుకంటే బావ భుజం పట్టి గుంజితే ఎవనికీ అవమానం కాదు. ఇది మా అవ్వ చెప్పిన ఉపాయం, నాది కాదు.

సెలవులకు వచ్చే హాస్టల్ పిల్లలను దేవారి తాత దగ్గర కూర్చోబెట్టి సగాలు, వరసలు చెప్పించే పని మొదలు పెట్టినం. మొదటిసారి ఆరుగురు వచ్చిన్రు, అందులో ముగ్గురు ఫోన్ చూసుకుంట కూర్చున్నరు. పెప్రె ఊదుడు నేర్పిస్తమంటే పదకొండుమంది వచ్చిన్రు. ఇప్పుడు ముందు పెప్రె, తర్వాత వరసలు.

బెల్టు షాపు మీద గ్రామసభ తీర్మానం చేసినం. నెల రోజులు మూసిన్రు. మళ్లీ తెరిచిన్రు. మళ్లీ తీర్మానం చెయ్యాలె.

ఇక కేసైన పిలగాని ఇంటి సంగతి. ఇది మీ ఇంట్లో చదివి వినిపించండి. మా మామ మొదట్ల "నా ఇంట్ల అడుగు పెట్టొద్దు" అన్నడు. ఆయన బాధ ఆయనది. మా బావ చేను కాడ గుడిసెలో ఒక్కడే పడుకునుడు మొదలు పెట్టిండు. మాట్లాడుడు బంద్ చేసిండు. మా అత్తకు ఏదో భయమైంది, పత్తికి కొట్టే మందు డబ్బాలన్నీ తీసుకపోయి మా ఇంట్లో పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. రోజూ రాత్రి అన్నం పట్టుకొని చేనుకు పోయేది. పదకొండో రోజు మామ తానే పోయి తోల్కొచ్చిండు. తప్పు చేసినోణ్ణి తప్పు చేసినవని చెప్పాలె, చెప్పి అన్నం పెట్టాలె. ఇంట్ల నుంచి వెళ్లగొడితే వాడు పోయేది మంచి చోటికి కాదు. మనసు బాగలేనోనికి మాట్లాడే మనిషి కావాలంటే టెలీ మానస్ 14416 ఉంది, పైసలు అడగరు, తెలుగులో మాట్లాడుతరు.

పద్దెనిమిది లోపు పిల్లలను లాకప్పులో పెట్టొద్దని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెప్తది, వాళ్ల కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు చూడాలె. బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ పట్టుకొని అదే రోజు ఠాణాకు పోండి, మర్నాటికి ఆగొద్దు. వకీలుకు అప్పు చెయ్యకండి: ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది, 15100కు ఫోన్ చెయ్యండి. ఈ సంగతి మాకు తెలిసేసరికి మా మామ రెండెకరాల పత్తి పైసలు పోయినయి. కొలువు ఫారంలో కేసు ఉందా అని అడిగితే దాచకండి. దాస్తే అదే పెద్ద తప్పయితది. నిజం చెప్పినోని విషయంలో కేసు ఎంత చిన్నదో, వయసు ఎంతో చూసి ఆలోచించవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట విన్న రోజు మా బావ మళ్లీ తెల్లారి లేచిండు. కొంచెమే ఉరికిండు, కానీ ఉరికిండు.

మొన్న పూస మాసం తర్వాత నేను, మా మామ, పటేల్ ఆ ఊరికి పోయినం. చెయ్యి విరిగిన పిలగాని ఇంటికి. మెసేజ్ పంపింది నేనే అని వాళ్ల నాయిన ముందు చెప్పిన. ఆయన చాలాసేపు ఏమనలేదు. "చెయ్యి ఇంకా పూర్తిగ లేవది, నాగలి పట్టలేడు" అన్నడు. ఈ వానాకాలం వాళ్ల చేను మేము దున్నుతమని మా మామ అన్నడు. ఆ పిలగాడు లోపలి నుంచి బయటికి రాలేదు. పోయేటప్పుడు వాళ్ల అమ్మ చాయ్ ఇచ్చింది.

రాజీకి వీలున్న సెక్షన్లేనని వకీలమ్మ చెప్పింది, కానీ ఒప్పుకునుడు ఒప్పుకోకపోవుడు ఆ పిలగాని ఇష్టం. మేము ఒత్తిడి చెయ్యం. వచ్చే నెల పేషీ ఉంది, ఈసారి జీపులో మా బావ ఒక్కడే పోడు, ఐదుగురి ఇండ్ల నుంచి ఒక్కొక్కరం పోతున్నం. వానలు పడంగనే ముందు ఆ ఊరి చేను, తర్వాతే మా చేను.

జై సేవా. జై కొమురం భీం.